ఎత్తివ్రాత

మొన్న పుష్యమాసమున మా యూరికి పోయినప్పుడు, ప్రొద్దు పొడిచియు నింకను మంచు విడువని వేళ, గుండ్లకమ్మ వైపు సాగు డొంకదారిని నడచుచుండగా, ఒక జొన్నచేని దగ్గర నా కాళ్లు వాటంతట నవియే నిలిచినవి. కంకులు పాలు పోసికొని గింజ గట్టిపడు తరుణమది. గట్టు నుండి గట్టు వరకు, కొయ్యకును కొయ్యకును నడుమ, సన్నని గోధుమవన్నె పట్టీ యొకటి బిగించి కట్టబడి యుండెను. ఎండ తగిలిన చోట నది తళుక్కు మనుచుండెను. గాలి వీచినప్పుడెల్ల తుమ్మెద రొద వలె సన్నగా, ఎడతెగక మ్రోగుచుండెను. మంచె మీద వడిసెల త్రిప్పువాడు లేడు, హోయని కేకవేయువాడు లేడు. ఆ మ్రోతకే పిచ్చుకలును చిలుకలును చేని మీద వ్రాలక దూరదూరముగా తిరిగి పోవుచుండెను. దగ్గరకు పోయి వ్రేళ్లతో పట్టి చూచితిని. ఒక ప్రక్క నునుపు, ఒక ప్రక్క మసక, వెడల్పు జొన్నగింజంత. అది క్యాసెట్టులోని టేపు. చేనిగల రైతు నాకంటె చిన్నవాడు, వరుసకు కొడుకు కావలసినవాడు, దూరము నుండియే నన్ను చూచి, “పాత క్యాసెట్ల రీలు బాబాయ్. గాలికి మోగుద్ది, పిట్ట వాలదు,” అనెను. “ఏం పాటలురా అవి?” అంటిని. “ఏమో బాబాయ్. మా నాన్న సంచిలో కట్టి అటక మీద పెట్టిపోయాడు. వినేదానికి ఇప్పుడు మిషనేదీ?” అని, తన పనిలోనికి తాను పోయెను.

ఇంటికి వచ్చి కాఫీ త్రాగితిని, వార్తాపత్రిక తిరుగవేసితిని, వచ్చినవారితో పంటల సంగతియు ధరల సంగతియు మాటలాడితిని. కాని ఆ మ్రోత చెవిని విడువలేదు. క్యాసెట్టులో టేపు సెకనుకు ఐదు సెంటీమీటర్లకు కొంచెము తక్కువగా నడచును. చేతులు రెండును చాచి బార పట్టినచో ఆ బారెడు టేపులో అరనిమిషమునకు పైబడిన గానము ఇమిడియుండును. అరువది నిమిషముల క్యాసెట్టులోని టేపును విప్పి పరచినచో సుమారు 90 మీటర్లు. అనగా ఒక మోస్తరు చేనికి ఈ కొన నుండి ఆ కొనకు సరిపోవును. అంతటితో తీరలేదు. ఆ సన్నని పట్టీలోనే సగము వెడల్పున ఒక ప్రక్క పాటలు ఇటు నుండి అటును, తక్కిన సగమున రెండవ ప్రక్క పాటలు అటు నుండి ఇటును నడచును. కావున ఆ చేని మీద, ఆ మంచుగాలిలో, ఎవరో ఎదురెదురుగా నిలిచి పాడుచునే యున్నారు. వినుటకు మాత్రము దిక్కులేదు. అడవి గాచిన వెన్నెల యని మన పెద్దలన్న మాటను వేయిమారులు వింటిని గాని, దానిని చేతితో ముట్టి చూచినది ఆనాడే.

రైతు చేసినది తప్పని నేననను. వినుటకు సాధనము లేని వస్తువును అతడు తనకు తెలిసిన యొక పనికి తెచ్చుకొనెను. అటక మీద బూజు పట్టుటకంటె అది మేలే కావచ్చును. మరి నా మనసున గ్రుచ్చుకొన్నదేమి? ఎవరికిని వినబడని పాట పాటయేనా, ఉత్త పట్టీయేనా? ఆ టేపు మీద పూయబడినది ఇనుప తుప్పు జాతికి చెందిన సన్నని పొడి. మన వాకిటి గేటుకు పట్టు తుప్పునకు అది దూరపు చుట్టమే. రికార్డు చేయునప్పుడు అయస్కాంతము ఆ రేణువులను ఒక క్రమమున నిలుపును. ఆ క్రమమే గాయకుని గొంతు, ఆ క్రమమే అతడు ఊపిరి పీల్చిన చోటు, ఆ క్రమమే దూరమున మొరిగిన కుక్క. దానిని చదువగల యంత్రము లేకున్నను క్రమము అక్కడనే యుండును. ఎండయు, తేమయు, కాలమును దానిని మెల్లమెల్లగా చెరుపుచుండును. పూర్తిగా చెరిగిన నాడు మిగులునది తుప్పు. చేనిలోని ఆ పట్టీ ఈ రెండు స్థితుల నడుమ ఎక్కడనో వ్రేలాడుచున్నది. బహుశః నన్ను కలవరపెట్టినది ఆ నడుమ స్థితియే కాబోలు. పోయినదానికి దుఃఖింతుము, ఉన్నదానికి సంతసింతుము. ఉండియు పోవుచున్నదానికి ఏమి చేయుదుము?

1982లో మా నాన్నగారు మద్రాసు బర్మాబజారులో ఒక టేపు రికార్డరు కొని తెచ్చిరి. ఇంటిల్లిపాదియు చుట్టును జేరి ఎవరి గొంతు వారు విని విస్తుపోయిన ఆ సాయంకాలము నాకింకను కన్నులకు కట్టినట్లున్నది. మా నాయనమ్మకు వచ్చిన పాటలకు లెక్క లేదు. పెండ్లిపాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు, సీతమ్మ కష్టముల పాటలు, దంపుళ్ల పాటలు. ఏ పనికి ఆ పాట పాడెడిది. కాని “పాడవే అమ్మా, పట్టుకుంటాను,” అని నాన్నగారు మైకు ముందు పెట్టినచో, “గొంతు పోయిం తర్వాత పాటలేందిరా,” అని ముఖము త్రిప్పుకొనెడిది. తుదకు నాన్నగారొక యుపాయము పన్నిరి. ఆమె వసారాలో చేట పట్టుకొని బియ్యము బాగుచేయుటకు కూర్చుండు వేళకు, రికార్డరును బియ్యపు బస్తా చాటున పెట్టి మీట నొక్కి, తాము మెల్లగా తప్పుకొనెడివారు. చేతులాడినంతసేపు ఆమె నోట పాట ఆగదు. అట్లు ఆ వేసవిలో రెండు క్యాసెట్లు నిండినవి. వాని మీద నాన్నగారు నీలి సిరాతో, పెద్ద పెద్ద అక్షరములతో, ‘అమ్మ – 1’ అనియు ‘అమ్మ – 2’ అనియు వ్రాసిరి. 1986లో నాయనమ్మ పోయెను.

ఆ మరుసటి యేడు, పదునాలుగేండ్ల వయసున, నేను చేసిన పని యిప్పటికిని నా మనసున ముల్లుగనే యున్నది. వివిధభారతిలో సినిమాపాటలు వచ్చుచుండెను. ఖాళీ క్యాసెట్టు చేతికందలేదు. అందినది ‘అమ్మ – 2’. క్యాసెట్టు వెనుక అంచున రెండు మూలలను చిన్న ప్లాస్టిక్ రేకులుండును. వానిని విరిచివేసినచో ఆ క్యాసెట్టుపై మరల రికార్డు చేయుటకు వీలుపడదు. అవి విరువబడియుండలేదు. మీట నొక్కినంతనే లోపలికి దిగెను. అరువది నిమిషములలో మా నాయనమ్మ గొంతుపై ఆనాటి సినిమాపాటలు పరచుకొనెను. వారము తరువాత నాన్నగారు దానిని పెట్టుకొని విని, కొంతసేపు మాటలాడక కూర్చుండి, “పోనీలేరా,” అనిరి. పిదప అలమర నుండి ‘అమ్మ – 1’ తీసి, వాకిటి వెలుతురునకు పట్టి, చాకు మొనతో ఆ రెండు రేకులను విరిచివేసిరి. గోరంత లేని ఆ రెండు ముక్కలు నేల మీద పడిన చిన్న చప్పుడు నాకు గుర్తున్నది. ఆయన నన్ను తిట్టియున్నచో అది ఇంతకాలము గుర్తుండెడిది కాదేమో. పెద్దవాడనైన తరువాత చదివితిని: 1969లో మానవుడు చంద్రుని మీద అడుగిడినప్పుడు అక్కడ నుండి నేరుగా అందిన మూలసంకేతముల టేపులను అమెరికా అంతరిక్ష సంస్థవారు, టేపుల కొరత వలన, చెరిపి మరల వాడుకొనియుందురని 2009లో వారే తేల్చి చెప్పిరట. లోకమెల్ల చూచిన ప్రసారపు ప్రతులు మిగిలినవి గాని, వానికంటె స్పష్టమైన మూలము మిగులలేదు. నా తప్పునకు అది ఊరట కాదు. ఏది విలువైనదో తెలియనివారే చెరుపుదురనుకొనుట పొరబాటని మాత్రము దాని వలన తెలిసికొంటిని. ‘మరల వాడుకొనవచ్చును’ అను మాట యింట నుండియు, మహాసంస్థల నుండియు ఒకే తీరున పలుకును.

నాన్నగారి తరువాత ‘అమ్మ – 1’ నా పాలికి వచ్చెను. రికార్డరును తెరచి చూడగా, చక్రములను త్రిప్పు రబ్బరు బెల్టు కరిగి తారు వలె ఇరుసులకు అంటుకొని యుండెను. హైదరాబాదులో కోఠి దగ్గరి గుజరాతీ గల్లీలో దుకాణము దుకాణమునకు తిరిగి, తుదకు ఒక మేడమెట్ల క్రింద కూర్చుండి పనిచేసికొను వృద్ధుని పట్టితిని. ఆయన కండ్లజోడు నుదుటి మీదికి నెట్టి, బెల్టును వ్రేలితో గీకి చూచి, “కొత్తది దొరకదు సార్. ఇంకో చచ్చిన మిషన్ల నుంచి తీసి వేస్త,” అనెను. పిదప క్యాసెట్టును దీపమునకు పట్టి చూచి, లోపల టేపును హెడ్డునకు అదిమిపట్టు చిన్న ఉన్ని ముక్క ఊడిపోయినదని చూపెను. ఐదు మరలు విప్పెను. ఊపిరి బిగపట్టి, టేపు చుట్టిన రెండు చుట్టలను పట్టకారుతో ఎత్తి, వేరొక క్యాసెట్టు డొల్లలోనికి మార్చెను. మార్చునప్పుడు ఎక్కడ మెలిక పడునోయని తన గొంతులో తానే ఏదో గొణుగుకొనుచుండెను. హెడ్డును స్పిరిటులో ముంచిన దూదితో తుడిచెను. ఈ పని యంతయు ముప్పావుగంట పట్టెను. “ఇగ ఈ పని చేసేటోళ్లు మిగల్లేదు సార్. నా పిల్లలకు నేను నేర్పియ్యలే. నేర్సుకొని ఏం జేస్తరు?” అనుచు మీట నొక్కెను. మొదట సుయ్యను సవ్వడి. పిదప చేట చప్పుడు, కోడి కొక్కరింపు. ఆ తరువాత, ముప్పదియేండ్లకు పైబడిన దూరము నుండి, మా నాయనమ్మ. పాట నడుమ ఎవరో పొరుగావిడ వాకిట నిలిచి పిలువగా, ఆమె పాటను సగము మాటలో ఆపి, “ఆఁ, రా వదినా. బియ్యంలో రాళ్లెక్కువ ఈ తడవ,” అని, ఆపిన మాట దగ్గరనే, ఆపిన శ్రుతిలోనే మరల అందుకొనెను. అంతవరకు యంత్రమునే చూచుచున్న ఆ వృద్ధుడు తలయెత్తి నా వంక చూచెను. ఆనాటి సాయంకాలమే దానిని కంప్యూటరు లోనికి ఎక్కించుకొంటిని.

అప్పటి నుండి పాత రికార్డుల సంగతి ఎక్కడ కనబడినను చదువుట నాకు అలవాటయ్యెను. మన దేశమున గ్రామఫోను కొరకు పాటలను తొలుత పట్టినది 1902 నవంబరులో, కలకత్తాలో. గైస్‌బర్గ్ అను నాతడు పెద్ద కొమ్ము ముందు గౌహర్ జాన్‌ను నిలిపి పాడించెను. పాట ముగియగానే ఆమె తన పేరు తానే బిగ్గరగా చెప్పెడిది. రికార్డులు అచ్చగుట జర్మనీలో గనుక, ఏ పాట ఎవరిదో అక్కడివారికి తెలియుటకని చెప్పుదురు. ఆ పేరు ఇప్పటికిని ఆ రికార్డులలో వినబడుచున్నది. ఆ నల్లని పళ్లెములకు ఆధారమైన లక్క మన యడవులలో మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై పురుగులు పెట్టినదే. చేయి జారినచో కుండపెంకు వలె పగులును. పది అంగుళముల పళ్లెమునకు ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషముల పాటయే పట్టును. రాత్రి తెల్లవార్లు రాగము సాగదీసి ఒక్క పద్యమును పాడగల మన రంగస్థల నటులు ఆ మూడు నిమిషములలో తమ విద్యను ఎట్లు కుదించిరోయని నేనెన్నిమార్లో ఆశ్చర్యపడితిని. గ్రియర్సన్ దొర భారతీయభాషల సర్వేలో భాగముగా 1913 మొదలు 1929 వరకు పలు ప్రాంతముల పలుకుబడిని గ్రామఫోను పళ్లెములపై పట్టించెను. వానిలో తెలుగును కలదు. ప్రసిద్ధులు కాని మనుష్యులు, నూరేండ్ల క్రిందటి తెలుగున, కథ చెప్పు గొంతులు అవి. నేడు వానిని ఎవరైనను వినగలుగుచున్నారన్నచో, ఆ పళ్లెములను ఎవరో జాగ్రత్తపెట్టుటయే గాక, వేరొకరు వానిని కంప్యూటరులోనికి ఎత్తి లోకము ముందు ఉంచుట వలన. మదరాసున వి.ఎ.కె. రంగారావుగారి వంటివారు జీవితమంతయు వేలకొలది గ్రామఫోను రికార్డులు సేకరించి, ఏ పాట ఎవరిదో, ఏ యేటిదో గుర్తుపట్టి చెప్పకపోయినచో, మన తెలుగు పాట చరిత్రలో తొలి పుటలు ఖాళీగా నుండెడివి.

సినిమా సంగతి తలచినచో మనసు మరింత బరువెక్కును. రఘుపతి వెంకయ్యనాయుడు గారు, వారి కుమారుడు ప్రకాశ్ గారు తీసిన మూకీచిత్రము ‘భీష్మప్రతిజ్ఞ’ మనకు పేరుగా మాత్రమే మిగిలినది. హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్తప్రహ్లాద’ తొలి తెలుగు టాకీ. సురభి కమలాబాయి అందు నటించెను. అది 1931లో వచ్చినదని చిరకాలము నమ్మితిమి. ఆనాటి పత్రికల ప్రకటనలును సెన్సారు వివరములును వెదకినవారు 1932 ఫిబ్రవరి యని నిరూపించిరి. ఒక్క ప్రతి దొరికినను ఎన్నెన్ని సంగతులు అదియే చెప్పెడిది! ఆ తొలి టాకీలో తెలుగు మాట ఏ స్వరమున పలికెనో మనకు తెలియదు, ఇక తెలియబోదు. హిందీలో తొలి టాకీ ‘ఆలం ఆరా’ గతియు నదియే. ఈ ఫిల్ములు ఇట్లు పోవుటకు వాని పుట్టుకలోనే కారణము కలదు. 1950 ప్రాంతము వరకు వాడిన నైట్రేటు ఫిల్ము తన మంటకు వలసిన ప్రాణవాయువును తానే పుట్టించుకొనును. నీళ్లలో ముంచినను ఆరదు. 2003 జనవరిలో పూనాలో ఫిల్ముల కొట్టు తగులబడి పాత నైట్రేటు రీళ్లు ఎన్నియో బూడిదయ్యెను. కాలిపోనివానిని మనుష్యులు కరగించిరి. నలుపు తెలుపుల ఫిల్ములో వెండి యుండును గదా, ఆడుట ముగిసిన సినిమా విలువ ఆ వెండి విలువయే యని అనేకులు తలచిరి. తరువాత వచ్చిన, మంటలేని ఫిల్ము ఎండయు ఉక్కయు తగిలినచో లోలోన పులియును. డబ్బా మూత తీయగానే ముక్కుపుటములు అదరునట్లు వెనిగరు వాసన కొట్టును. ఆ వాసన ఒక డబ్బా నుండి పక్క డబ్బాకును అంటుకొనునట. ఒక్క అడుగు ఫిల్ములో పదునారు బొమ్మలు, సెకనునకు ఇరువదినాలుగు బొమ్మలు. వేయి అడుగుల రీలు పదకొండు నిమిషములకు ముగియును. ఇన్ని బొమ్మలలో ఒక్కొక్కదాని మీదను ఎవరో దీపములు పెట్టిరి, ఎవరో రంగు పూసికొనిరి, ఎవరో నటించిరి.

తాటాకును తలచుకొందును. తాటాకు చెదలకును, తేమకును, నిప్పునకును లోబడునదే. వ్రాయసకాడు గ్రంథాంతమున ఈ పుస్తకమును నూనె నుండి కాపాడుడు, నీటి నుండి కాపాడుడు, వదులు కట్టు నుండి కాపాడుడని వేడుకొనుట మన పాత ప్రతులలో వాడుక. కాని తాటాకునకు ఒక గొప్పగుణము కలదు. దానిని చదువుటకు కన్నులు చాలును. టేపునకును ఫిల్మునకును కన్నులు చాలవు. యంత్రము వలెను, యంత్రమునకు బెల్టు వలెను, బెల్టు వేయువాడు వలెను. వీడియో క్యాసెట్లను ఆడించు యంత్రములను చివర చివర వరకు చేయుచు వచ్చిన జపాను సంస్థ 2016 జూలైలో ఆ పని మానివేసెను. ఆనాటి నుండి లోకములోని వీడియో క్యాసెట్లన్నియు, చెక్కుచెదరక యుండియు, వృద్ధములగుచున్న కొన్ని యంత్రముల దయ మీద బ్రతుకుచున్నవి. మన యిండ్లలో పెండ్లి వీడియోలున్నవి గదా. వానిలో ఇప్పుడు లేని తాతలున్నారు, అప్పుడు చంకలోనున్న పిల్లలున్నారు. ఆ నల్లని డబ్బాలను మనము దాచితిమనుకొనుచున్నాము. దాచినది పెట్టెను మాత్రమే. తాళముచెవి ఎప్పుడో పోయినది.

మరియొక సంగతి నన్ను చిరకాలముగా వెంటాడుచున్నది. తాళ్లపాక అన్నమాచార్యుని సంకీర్తనములు వేలకొలది రాగిరేకులపై చెక్కబడి, తిరుమల యాలయమున సంకీర్తన భాండాగారమున శతాబ్దములు నిలిచినవి. రాగి చెడలేదు, అక్షరము చెడలేదు. ఇరువదవ శతాబ్దిలో అవి వెలుగులోనికి వచ్చినప్పుడు చూడగా, ప్రతి పాటకును రాగము పేరున్నది గాని, ఆ పాట ఎట్లు పాడిరో చెప్పు స్వరము లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి మహనీయులు నూటికి పైగా పాటలకు తామే స్వరములు కూర్చి మరల ప్రాణము పోసిరి. ఇంతకంటె గట్టిగా దాచుట ఎవరికి సాధ్యము? అయినను గొంతు మిగులలేదు. ఆ మహావాగ్గేయకారుడు తన పాటను ఎక్కడ ఊపిరి తీసి పాడెనో మనకు తెలియదు; బియ్యము చెరుగుచు పాడిన మా నాయనమ్మ ఎక్కడ ఊపిరి తీసెనో నాకు తెలియును. ఆ సంగతి తలచినప్పుడు గర్వము కలుగదు, భయము కలుగును. ఎంతటి భాగ్యము మన చేతికి అయాచితముగా వచ్చినది, దానిని ఎంత తేలికగా జారవిడుచుచున్నాము!

అయినను సందేహము లేకపోలేదు. అన్నియు నిలువవలెనా? మరపు కూడ మనిషికి ప్రకృతి ఇచ్చిన యొక వరమే గదా. మా నాయనమ్మ పాటలు ఆమె తల్లి నుండి వచ్చినవి. ఆ తల్లి గొంతు ఎవరును పట్టలేదు, అయినను పాట వచ్చినది. ఇప్పుడు మా మేనత్త ఆ పాటలనే వేరొక వరుసలో పాడును. క్యాసెట్టును వినిపింపగా, “మా అమ్మ అట్లా పాడేదా? నేనిట్లాగే నేర్చుకున్నానే,” అని ఆశ్చర్యపడి, తన వరుసలోనే పాడుకొనుచు వంటింటిలోనికి పోయెను. నాకప్పుడు సంతోషమే కలిగెను. టేపు వచ్చి నోటికి అడ్డుపడినచో అది పాటను కాపాడినట్లు కాదు. పాటకు నోరు కావలెను, నోటి నుండి నోటికి మారుట దాని బ్రతుకు. ఆ మార్పులో కొంత పోవును, కొంత చేరును. కాని గొంతు అట్టిది కాదు. ఒక మనిషి గొంతు మరియొకరి నోట పుట్టదు. అది పోయినచో పోయినదే. కనుక పాటను నేర్చుకొందము, గొంతును ఎత్తివ్రాసికొందము; ఈ రెండు పనులును వేరని తెలిసికొనుటకు నాకు చాల కాలము పట్టినది.

ఎత్తివ్రాయుట యను మాటను మన పెద్దలు పుస్తకముల విషయమున వాడిరి. భారతమో భాగవతమో మనదాక వచ్చినదన్నచో, మొదటి తాటాకు నిలిచినందువలన కాదు. ఆకు శిథిలమగుటకు ముందే ఎవరో ఒకరు కూర్చుండి, గంటము పట్టి, వేరొక ఆకు మీదికి ఎత్తివ్రాయుట వలన. బ్రౌన్ దొర కడపలోని తన బంగళాలో పండితులకు జీతములిచ్చి కూర్చుండబెట్టి, ఊరూర వెదకించి తెప్పించిన ప్రతులను సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన చేసిన మహోపకారము దాచుట కాదు, ఎత్తివ్రాయించుట. తాటాకును ఎత్తివ్రాసినప్పుడు వ్రాయసకాని తప్పులు చేరెడివి. టేపు నుండి టేపునకు ఎక్కించినప్పుడు ప్రతి తరమునకు సుయ్యను చప్పుడు పెరిగెడిది. కంప్యూటరు ప్రతికి ఆ దోషము లేదు. నూరవ ప్రతియు మొదటి ప్రతియు ఒక్కటే. మానవచరిత్రలో ఇంతటి సౌకర్యము ఎన్నడును లేదు. అయినను అందులోను మోసపోవుట కలదు. కంప్యూటరు డిస్కు తాటాకు పాటి కూడ నిలువదు. ఒకనాడు హఠాత్తుగా మూగవోవును. కావున ఎత్తివ్రాత ఒకమారుతో ముగియదు. అది ఏటేట తద్దినము వలె, తరతరమున వచ్చు బాధ్యత వలె సాగవలెను.

ప్రభుత్వములు తమకు తోచినది చేసినవి. పూనాలో 1964లోనే జాతీయ ఫిల్ము భాండాగారము వెలసినది. కదలెడు బొమ్మలను కాపాడుకొనుడని యునెస్కో 1980 అక్టోబరు 27న సభ్యదేశములను కోరెను. ఆ దినమునే ఇప్పుడు ఏటేట శ్రవ్యదృశ్య వారసత్వ దినముగా జరుపుదురు. టేపులను ఆడించు యంత్రములును, వానిని బాగుచేయువారును 2025 నాటికి దుర్లభులగుదురని ఆ రంగమువారు కొన్ని యేండ్ల క్రిందటనే హెచ్చరించిరి. ఆ గడువు దాటినది. కాని మా యూరి హరికథ, పక్కయూరి బుఱ్ఱకథ, శ్రీరామనవమి పందిట మైకు ముందు పద్యము పాడిన బడిపంతులు, అప్పగింతల వేళ ఏడ్చుచు పాడిన పెద్దమ్మ, వీరి గొంతులు ఏ భాండాగారమునకు పోవును? అవి మన యటకల మీదనే యున్నవి. అక్కడ నుండి అవి పోవు దారులు రెండే: మన చెవికి, లేదా చేనికి.

అందుచేత ఈ వ్యాసమును చదువువారికి నాదొక విన్నపము. ఈ వారములోనే అటక యెక్కి చూడుడు. చేతివ్రాత యున్న క్యాసెట్టు కనబడినచో మొదట దాని వెనుకనున్న రెండు రేకులను విరిచివేయుడు. అందులో ఎవరి గొంతున్నదో, ఏ యూరిలో, ఏ యేట పట్టినదో, తెలిసిన పెద్దవారు బ్రతికియుండగనే అడిగి కాగితము మీద వ్రాసిపెట్టుడు. పేరు లేని గొంతు సగము పోయినట్లే. మీ పట్టణమున యంత్రము బాగుచేయగల వృద్ధుడెవరైన మిగిలియున్నచో ఆయన దగ్గరకు నేడే పోవుడు. ఎక్కించిన దానిని మూడు చోట్ల ఉంచుడు. అందొకటి మరియొక యూరిలో, మరియొకరి యింట నుండునట్లు చూడుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఏటికొకమారైన కుటుంబమంతయు కూర్చుండి దానిని వినుడు. వినబడుచున్న గొంతును ఎత్తివ్రాయుటకు మనుష్యులు ఎప్పుడును దొరకుదురు.

ఆ రైతు ఇంటనున్న సంచి నడిగి తెచ్చితిని. అందులో చుట్ట చెడని క్యాసెట్లు నాలుగు మిగిలియున్నవి. మూడు సినిమాపాటలు, ఒకటి ఆ యూరి రామాలయపు భజన. భజనను ఎక్కించి ఆ యబ్బాయి ఫోనునకు పంపితిని. మా ‘అమ్మ – 1’ నేడు ఐదిండ్లలో నున్నది. ‘అమ్మ – 2’ ఎక్కడను లేదు.